రొయ్యకు కౌంటు, పిల్లకు ర్యాంకు

మైపాడు దారిలో మా బావకు ఆరెకరాల రొయ్యల గుంటలున్నాయి. రొయ్య మనసు ఆయనకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. చెక్ ట్రే పైకి లాగి, అందులో మిగిలిన మేత చూసి, అడుగునున్న లక్షల ప్రాణుల ఆకలి ఎంతో చెప్పేస్తాడు. పీతలు దూరకుండా గట్టు చుట్టూ వల కట్టించాడు. కొంగలు వాలకుండా పైన దారాలు లాగించాడు. అర్ధరాత్రి ఏరేటర్ల చప్పుడు ఆగితే నిద్రలోంచే లేచి జనరేటర్ దగ్గరికి పరిగెత్తుతాడు. ఇంతటి జాగ్రత్తపరుడికి ఒక్కతే కూతురు, ఎనిమిదో తరగతి. పోయిన నెల ఆ పిల్ల దగ్గర నవల దొరికింది.

‘దొరికింది’ అన్నది ఆయన మాటే. గంజాయి దొరికినప్పుడూ, దొంగసారా దొరికినప్పుడూ వాడే మాట.

"బామ్మర్దీ, అర్జెంటుగా రావాల. పిల్ల చెడిపోతా ఉండాది" అని ఫోను. వెళ్లాను. హాల్లో టీపాయ్ మీద ముద్దాయి పడి ఉంది. మూడొందల పేజీలు దాటిన ఇంగ్లీషు పుస్తకం. పక్కనే సాక్ష్యాలు: దుప్పటి కింద చదవడానికి వాడిన టార్చిలైటు, పేజీ గుర్తుకు పెట్టుకున్న బస్సు టికెట్టు. విలేకరుల ముందు పోలీసులు సరుకు పరిచినట్టు పరిచాడు.

"ఇదేందో చెప్పు మీ మామకు."

"ఫాంటసీ, మామా."

"అంటే?"

"జరగనివి జరిగినట్టు రాస్తారు, నాయనా."

"జరగనివి చదువుతా కూచుంటే జరగాల్సింది ఎట్ట జరుగుద్ది?" అని బావ నా వైపు తిరిగాడు. "అంతగా చదవాలనుంటే మన భారతం చదవకూడదా? ఈ తెల్లోళ్ల మంత్రగాళ్లు మనకెందుకు?"

పిల్ల నా వంక చూసింది. నేను పుస్తకం తిరగేశాను. రోషణి చోక్షి రాసిన ‘ఆరు షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్’. 2018లో అమెరికాలో వచ్చింది. కథేమిటంటే, పాండవులు ఈ కాలంలో మళ్లీ పుట్టారు. ఈసారి ఆడపిల్లలుగా. అర్జునుడి అంశతో పుట్టిన పన్నెండేళ్ల పిల్ల వెలిగించకూడని దీపం వెలిగిస్తుంది, లోకం మీదికి ఉపద్రవం వస్తుంది. అంటే మా బావ స్వాధీనం చేసుకున్న అశ్లీల, అసాంఘిక సాహిత్యం భారతమే. కాకపోతే అమెరికా దాకా పోయొచ్చింది.

ఈ మాట అప్పుడే చెప్పొచ్చు. కానీ లోపల చేపల పులుసు ఉడుకుతోంది. భోజనం కాకముందు బావతో వాదించడం నెల్లూరులో బుద్ధిమంతుల పని కాదు. అందుకని ఆయన మోపిన అభియోగాలన్నీ బుద్ధిగా విని, జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అభియోగం: ఇది మన సంస్కృతి కాదు. ఈ మాట ఇంకే ఊళ్లో అన్నా చెల్లేదేమో గానీ, పెన్న ఒడ్డున కూర్చుని అనడానికి గుండె ధైర్యం కావాలి. పదమూడో శతాబ్దంలో ఈ ఊళ్లో, మనుమసిద్ధి కొలువులో తిక్కన సోమయాజి ఉండేవాడు. ఆయనకు కేతన అనే కవి ఒక కావ్యం అంకితమిచ్చాడు. అది స్తోత్రమూ కాదు, నీతిశతకమూ కాదు. ‘దశకుమార చరిత్రము’. దండి సంస్కృత కథకు తెలుగు. పదిమంది కుర్రాళ్లు దేశాల మీద పడి చేసిన సాహసాలు: పాతాళ ప్రయాణాలు, మారువేషాలు, జూదం, దొంగతనాలు, హత్యలు, ఉత్తుత్తి మంత్రాలతో రాజుల్ని బోల్తా కొట్టించడాలు. అందులో అపహారవర్మ అనే కుర్రాడు చంపానగరంలో పిసినారుల ఇళ్లకు కన్నాలు వేస్తాడు. డబ్బు అశాశ్వతమని వాళ్లకు బోధపరచడానికట! దండి అతగాడి సంచీలోని పనిముట్లను ఒక్కొక్కటే లెక్కపెట్టి చెబుతాడు: కన్నం తవ్వే కత్తి, పట్టుకారు, కొలతదారం, తాడు, నిద్రపుచ్చే పొడి, కన్నంలోంచి ముందుగా లోపలికి దూర్చి చూడ్డానికి ఒక ఉత్తుత్తి మనిషి తల, దీపం ఆర్పే పురుగులను మూసిపెట్టిన బరిణె. మా మేనకోడలు చదివే ఏ థ్రిల్లర్లోనూ ఇంత సామాను లేదు. తిక్కన ఈ కథను అంకితం పుచ్చుకున్నాడే గానీ, ‘దొరికింది’ అని టీపాయ్ మీద పెట్టి బంధువులకు కబురు చేయలేదు.

రెండో అభియోగం: చంపుకోవడాలూ రక్తాలూ చదివితే పిల్లల మనసు పాడవుతుంది. సరే, తిక్కన భారతం ఎక్కడ మొదలుపెట్టాడో చూద్దాం. విరాటపర్వం. ఆరుగురు మనుషులు పేర్లు మార్చుకుని, వేషాలు మార్చుకుని, ఆయుధాలు జమ్మిచెట్టు మీద శవంలా కట్టి దాచి, దొరికితే మళ్లీ పన్నెండేళ్ల అడవి అన్న షరతు మీద ఏడాదిపాటు శత్రువుకు చిక్కకుండా గడపాలి. మధ్యలో నర్తనశాలలో అర్ధరాత్రి హత్య. కీచకుణ్ణి భీముడు ఏ అవయవం ఎక్కడుందో తెలియకుండా ముద్ద చేసి పడేస్తాడు. తెల్లవారాక ఊరంతా హంతకుడెవరని అడుగుతుంది. వానలు పడకపోతే మన పెద్దలు ఊరి మధ్య పందిరి వేసి చదివించింది ఈ పర్వాన్నే. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ విన్నారు. థ్రిల్లరు చదివితే వాన పడుతుందని నమ్మిన జాతి మనది. అదే థ్రిల్లరు చదివితే ఎంట్రన్సు పోతుందని నమ్మే దశకు ఎలా దిగామో పరిశోధించాల్సిందే.

ఈ భయం మనకొక్కరికే ఉందనుకుని సిగ్గుపడనక్కర్లేదు. అమెరికా గ్రంథాలయ సంఘం 2000 నుంచి 2009 దాకా జనం ఎక్కువగా అభ్యంతరం చెప్పిన పుస్తకాల జాబితా వేస్తే, అందులో మొదటి స్థానం హ్యారీ పాటర్ పుస్తకాలది. బావలు ప్రపంచమంతటా ఉన్నారు.

మూడోది: పిల్లలకు ఏకాగ్రత లేదు, ఈ పుస్తకాలతో ఉన్నది కాస్తా పోతుంది. హ్యారీ పాటర్ ఐదో పుస్తకం 2003లో వచ్చింది. బ్రిటన్ ముద్రణలో 766 పేజీలు. పన్నెండేళ్ల పిల్లలు దాన్ని వారంలో నమిలేశారు. ఎవరూ పరీక్ష పెట్టలేదు, మార్కులు వేయలేదు. మా బావ వాట్సాప్‌లో నాలుగు లైన్లు దాటిన సందేశం వస్తే, ‘ఏందో రాశారు, నువ్వు చదివి చెప్పు’ అని నాకు పంపుతాడు. ఇంట్లో ఏకాగ్రత కరువైంది ఎవరికో ఆ దేవుడికే తెలియాలి.

నాలుగోది అన్నిటికన్నా బరువైనది: దీనివల్ల ఉపయోగమేంది? దీనికి జవాబు కోసం దూరం పోనక్కర్లేదు, మేడెక్కితే చాలు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయినా, నెల్లూరోళ్లం రాకెట్టును మాత్రం వాళ్లకు వదల్లేదు. 2023 జూలై 14 మధ్యాహ్నం చంద్రయాన్-3 లేచినప్పుడు మా బావ మేడ మీద నిలబడి దక్షిణం దిక్కున పొగచార వీడియో తీసి, స్టేటస్‌లో పెట్టి, కింద జాతీయ జెండా బొమ్మలు తొమ్మిది అతికించాడు. కూతురితో ‘చదివితే అట్ట చదవాల’ అన్నాడు.

అలా చదివినవాళ్లు ఏం చదివారో చూద్దాం. ద్రవ ఇంధనంతో మొదటి రాకెట్టును 1926లో ఎగరేసిన రాబర్ట్ గొడార్డ్, పదహారేళ్ల వయసులో హెచ్.జి. వెల్స్ నవల చదివాడు. అంగారకుడి నుంచి రాక్షసులు భూమి మీదికి దండెత్తే కథ. అక్కడి నుంచే తనకు ఆకాశం పిచ్చి పట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. జర్మన్ రాకెట్ శాస్త్రానికి ఆద్యుడైన హెర్మన్ ఓబెర్త్ పదకొండేళ్లప్పుడు జూల్స్ వెర్న్ చంద్రయాత్ర నవలలను కంఠతా వచ్చేదాకా చదివాడు. వెర్న్ తన మనుషుల్ని ఫిరంగి గుండులో కూర్చోబెట్టి చంద్రుడి మీదికి పేల్చాడు. అలా పేలిస్తే లోపలి మనుషులు అప్పడమైపోతారని ఆ తర్వాత లెక్క కట్టినవాడూ ఈ పిల్లవాడే. కథలో తప్పు పట్టాలంటే ముందు కథ చదవాలి కదా. వాళ్ల నాన్నలు సమయానికి టార్చిలైట్లు లాక్కుని ఉంటే, మా బావ స్టేటస్‌లో పెట్టుకోవడానికి ఆ రోజు ఏముండేదో!

అసలు ఫాంటసీ అంటే బావకు పడదని కూడా అనలేను. పరీక్షా ఫలితాలొచ్చిన మర్నాడు పేపరు మొదటి పేజీ ఆయన చదివే తీరు చూడాలి. నిండా ఫొటోలు, ఫొటోల కింద అంకెలు. ఒకే కుర్రాడు రెండు విద్యాసంస్థల ప్రకటనల్లో, రెండు రంగుల చొక్కాల్లో నవ్వుతుంటాడు. ఏకకాలంలో రెండు కాలేజీల్లో చదివి రెండుచోట్లా మొదటి ర్యాంకు తెచ్చిన ఆ కుర్రాడి ముందు పరకాయ ప్రవేశం చేసే మాంత్రికులు దిగదుడుపు. మా మేనకోడలు ఆరు షా నిజంగా ఉందని అనుకోవడం లేదు. మా బావ ఆ పేజీని నిజమనుకుని, ఏటా రొయ్యల డబ్బుతో దానికి చందా కడుతున్నాడు. ఇద్దరిలో లోకజ్ఞానం ఎవరికి తక్కువో మీరే చెప్పండి.

భోజనాల దగ్గర ఆయన తన చిన్నతనం ఎత్తాడు. "మా కాలంలో చందమామ ఉండేది. అదీ పుస్తకమంటే!" 1947 జూలైలో పుట్టిన చందమామను నేనూ నెత్తిన పెట్టుకుంటాను. అయితే దానిలో ఏముండేదో గుర్తుంచుకుని పెట్టుకుంటాను. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు: తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం. పేర్లు వింటేనే ఇప్పటి తల్లిదండ్రులకు జ్వరం వస్తుంది. చిత్రా గీసిన మాంత్రికులూ, కోరల మృగాలూ. నెలనెలా శ్మశానంలో శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడిచే రాజు, ఆ శవంలోంచి కథ చెప్పి, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని బెదిరించే బేతాళుడు. శవం మాట్లాడే పత్రికను ఎనిమిదేళ్లకే చదివి, అమాయకంగా పెరిగి పెద్దవాడై, రొయ్యలు పెంచుకుంటున్న మనిషి, పుస్తకంలో దయ్యం ఉందని పిల్ల మీద కేసు పెట్టాడు.

అప్పుడే వసారాలోంచి మా అత్త, అంటే బావను కన్నతల్లి, గొంతు సవరించుకుంది. "ఒరే అబ్బయా, ఇంటర్లో నీ ఫిజిక్సు పుస్తకం మధ్యలో ఉన్నింది ఏందిరా? షాడో గదా! అద్దె షాపోడు బాకీ కోసం ఇంటికొస్తే నేను గదా కట్టింది!"

గదిలో ఏరేటర్లు ఆగిపోయినంత నిశ్శబ్దం. మధుబాబు షాడో, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, యండమూరి చేతబడులు. ఒక తరం తరమంతా వీటిని పాఠ్యపుస్తకాల్లో దాచి చదివింది. తెలుగు చదవడం వేగంగా వచ్చింది కూడా అలాగే. ఆ తరమే ఇప్పుడు తెలుగు చదివేవాళ్లు లేరని సభలు పెట్టి ఏడుస్తోంది, ఇంటికొచ్చి పిల్లల సంచీలు తడుముతోంది.

మా అక్కయ్య మధ్యవర్తిత్వం చేసింది. "చదువుకోనీండి. కాకపోతే రోజుకు పది పేజీలు. పేజీకో కొత్త మాట, దానికి అర్థం, చివర నీతి నోట్సులో రాసి చూపించాల." ఇది పుస్తకంలోకి చెక్ ట్రే దించడమే. ఎంత తిన్నది, ఎంత మిగిల్చింది, బరువు ఎంత పెరిగింది. పిల్ల మొహంలో అప్పుడు మొదటిసారి నిజమైన భయం చూశాను. అయ్య లాక్కుంటే పుస్తకం ఒక్కటే పోతుంది, ఈ ఒప్పందంతో చదవాలన్న కోరికే పోతుంది.

నిజానికి మా బావకు పిల్ల మీద ప్రేమ లేక కాదు. ఆయనకు ప్రేమించడం వచ్చింది గుంట గట్టు మీదే. రొయ్యలో కౌంటు ముఖ్యం. కిలోకు వంద తూగితే చిన్నది, ముప్పై తూగితే పెద్దది. అంకె ఎంత తగ్గితే ధర అంత పెరుగుతుంది. ర్యాంకూ అంతే కదా! కాబట్టి వేళకు మేత, చుట్టూ వల, పైన దారాలు, నవల అనే వైట్ స్పాట్ తెగులు సోకకుండా కాపలా. పట్టుబడి రోజున లారీ వస్తుంది, తూకం వేస్తారు. ఇందులో రొయ్యకు తప్ప అందరికీ లాభమే.

అయితే బావా, నువ్వే ఒకసారి గట్టు మీద నాకు చెప్పావు. రొయ్య పెరగాలంటే పెంకు వదలాలి. పాత పెంకు వదిలి కొత్తది గట్టిపడేదాకా దాని ఒళ్లు మెత్తగా ఉంటుంది, మేత తగ్గిస్తుంది, అడుగున ఒక మూల నక్కి ఉంటుంది. ఆ రోజుల్లో నువ్వు మేత తగ్గిస్తావు, గుంటను కెలకనివ్వవు, కూలీలను గట్టిగా అరవనివ్వవు. పదమూడేళ్ల పిల్ల దుప్పటి కింద టార్చిలైటుతో ఒక మూల నక్కింది. ఆరెకరాల రొయ్యల మీద చూపే ఆ ఇంగితం ఈ ఒక్క పిల్ల మీద కూడా చూపించు.

ఆ పుస్తకం బీరువాలోంచి తీసి ఇచ్చెయ్యి. దాని వరసలో ఇంకో నాలుగున్నాయి, మొదటిది నేను కొనలేదు గాని మిగతావి నేను కొంటాను. ఇంకో మాట. నువ్వు ఏటా కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. ఇల్లు కట్టినప్పటి నుంచీ కడుతూనే ఉన్నావు, ఒక్కసారీ ఆ గుమ్మం తొక్కలేదు. ఈ ఆదివారం పిల్లను తీసుకుని పో. షాడో ఉంటే నువ్వూ ఒకటి తెచ్చుకో.