అనామక దీప మీమాంస: పటాన్‌చెరు పాఠం

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరిది కోల్చారం, అంటే మా పాత మెదక్ జిల్లా. ఆధారం లేని మాట ఒక్కటీ రాయనని ఆయన ప్రతిజ్ఞ. 2016లో జిల్లాను మూడు ముక్కలు చేసినప్పుడు కోల్చారం మెదక్‌కు పోయింది, పటాన్‌చెరు సంగారెడ్డికి వచ్చింది. ఫైళ్లూ జీపులూ పంచుకున్నారు గానీ, ఆ ప్రతిజ్ఞ ఎవరి వాటాకు వచ్చిందో ఎవరూ చెప్పలేదు. కాబట్టి దాన్ని ఉమ్మడి ఆస్తిగా భావించి ఈ శాస్త్రం మొదలుపెడుతున్నాను.

శాస్త్రమన్నాక నాలుగు సంగతులు ముందే చెప్పాలని పెద్దల నియమం. విషయం: రాత్రి ఆకాశంలో కనబడి, ఏమిటో ఎవరిదో తేలని దీపం. అధికారి, అనగా దీన్ని చదవడానికి అర్హుడు: రాత్రంతా మేలుకుని అందుకు జీతం తీసుకునేవాడు. వీరిలో రెండు జాతులున్నాయి. యుద్ధ విమానం నడిపే పైలట్ ఒకడు, సీ షిఫ్టు కార్మికుడు మరొకడు. సంబంధం: మొదటివాడు రెండోవాడి నెత్తి మీదుగా పోతాడు. ప్రయోజనం: చివరిదాకా చదివినవారికి కొంత డబ్బు రావచ్చు. ఆ సంగతి దాని చోట చెబుతాను.

ఇక క్షేత్ర మాహాత్మ్యం. పటాన్‌చెరుకు ఈశాన్యాన దుండిగల్. అక్కడి ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో కుర్రవాళ్లు పిలాటస్ విమానాల మీద ఓనమాలు దిద్దుతారు. వాయవ్యాన బీదర్, అక్కడ హాక్ జెట్ల మీద పెద్దబాలశిక్ష. దక్షిణాన శంషాబాద్. ఈ మూడింటి నడుమ నేల మీద మా దీపాలు: బొల్లారం నుంచి పాశమైలారం దాకా చిమ్నీల కొసన ఎర్ర బల్బులు, ముంబై హైవే మీద సదాశివపేట వైపు లారీల వరస, ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు తెల్లటి వెలుగు, పెళ్లిళ్ల కాలంలో ఫంక్షన్ హాళ్ల మీంచి ఆకాశాన్ని గోకే షార్పీ లైట్లు. కింద ఉన్నవాడికి పైది వింత, పైన ఉన్నవాడికి కిందిది వింత. వాలుగా పోయే రోడ్డు దీపాల వరసను దిగంతం అనుకుని విమానాన్ని దానికి సమంగా వంచేస్తారని రాత్రి పైలట్లకు ముందే హెచ్చరిస్తారు. మా హైవేని ఎవరైనా ఆ గౌరవంతో చూస్తున్నారంటే నాకు సంతోషమే. పగలు చూసినవాళ్లకు గుంతలు తప్ప ఏమీ కనిపించవు.

ప్రథమ సూత్రం: చీకట్లో ఒంటరి దీపం నిలకడగా ఉండదు.

దీనికి భాష్యం ఇస్నాపూర్ చౌరస్తాలో, రాత్రి రెండు గంటల చాయ్ దగ్గర వినబడుతుంది. "అన్నా, గా ఎర్ర లైటు జూడు, కదుల్తుందే!" అని ఒకడంటాడు. "గది మన ప్లాంటు చిమ్నీరా. ఆర్నెల్ల సంది ఆడ్నే ఉంది," అని ఇంకొకడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. చుట్టూ పోల్చుకోవడానికి ఏమీ లేనప్పుడు ఒక్క చుక్క వెలుగును తదేకంగా చూస్తే, కంటిగుడ్డు తనంతట తాను చేసే చిన్న చిన్న కదలికలు దీపం కదలికలుగా తోస్తాయి. దీన్ని ఆటోకైనెసిస్ అంటారు. రాత్రి విమానం నడిపేవాళ్లకు దీని మందు కూడా నేర్పుతారు: ఒకే దీపాన్ని గుచ్చి చూడకు, చూపు తిప్పుతూ ఉండు. మా చాయ్ బండి దగ్గర ఈ శిక్షణ లేదు. పైగా చూపు తిప్పడానికి అక్కడ ఇంకేముంది?

ఉపసూత్రం: నిజంగా కదిలే దీపం, సూటిగా మన మీదికే వస్తుంటే, కదలదు. దిగబోతూ లైట్లు వేసుకున్న విమానం ఎదురుగా వచ్చేటప్పుడు ఆకాశంలో మేకు కొట్టినట్టు నిలబడి, పక్కకు తిరగ్గానే మాయమైపోతుంది. ఇలా నిలిచినది కదిలి, కదిలేది నిలిచి, మనిషి కన్ను రాత్రిపూట ఎంత తలకిందుల సాక్షి అయ్యేదీ తేలిపోయింది.

పూర్వపక్షి ఇక్కడే లేస్తాడు. "చాయ్ తాగేవాడి కన్ను సరే. ఫైటర్ పైలట్ కన్ను మాటేమిటి? లక్షల్లో ఒకణ్ణి ఏరి, దృష్టి పరీక్షించి, కోట్లు పెట్టి తయారుచేస్తారు కదా?"

మంచి ప్రశ్న. జవాబుకు చరిత్రలోకి పోవాలి. 1944 చలికాలంలో, రైన్ నది ప్రాంతంలో రాత్రి గస్తీ తిరిగిన అమెరికన్ 415వ నైట్ ఫైటర్ స్క్వాడ్రన్‌కు ఎర్రటి, నారింజ రంగు వెలుగులు విమానం వెంట పడుతూ కనిపించాయి. కాల్చలేదు, కరవలేదు, వచ్చాయి, పోయాయి. జర్మన్ల కొత్త ఆయుధమేమో అనుకున్నారు. ఒక కామిక్‌లోని మాట తీసుకుని వాటికి ఫూ ఫైటర్లు అని పేరు పెట్టారు. తర్వాత ఆ పేరు ఒక రాక్ బ్యాండుకు దక్కింది. వెలుగులు మాత్రం ఎవరికీ దక్కలేదు.

అంతకంటే శాస్త్రోపయోగి 1948 అక్టోబరు 1 రాత్రి. అమెరికాలో ఫార్గో ఊరి మీద జార్జ్ గోర్మన్ అనే నేషనల్ గార్డ్ పైలట్ మస్టాంగ్ విమానంలో ఒక తెల్లటి చిన్న వెలుగుతో 27 నిమిషాలు కలబడ్డాడు. తిరిగితే తిరిగింది, ఎక్కితే ఎక్కింది, ఢీకొట్టడానికి వచ్చినంత పని చేసింది. దాన్ని నడిపేది తెలివైన బుర్రేనని ఆయన ప్రమాణపూర్వకంగా చెప్పాడు. విచారణలో తేలిందేమంటే, ఫార్గో వాతావరణ కేంద్రం వాళ్లు పది నిమిషాల ముందు దీపం కట్టిన బెలూన్ ఒకటి వదిలారు. అమెరికన్ వైమానిక దళం ఆ కేసును బెలూన్ ఖాతాలో రాసి మూసేసింది. విన్యాసాలన్నీ గోర్మన్‌వే; బెలూన్ గాలికి పోయింది.

దీన్నుంచి ద్వితీయ సూత్రం: దూరం తెలియని దీపానికి పరిమాణమూ లేదు, వేగమూ లేదు. జానెడు దీపం వంద గజాల్లో ఉందా, పెద్దది పది మైళ్లలో ఉందా అన్నది కన్ను చెప్పలేదు. ఈ సంగతి ఒప్పుకోవడం కూడా దానికి చేతకాదు. ఏదో ఒక దూరం తనే ఊహించుకుని, ఆ ఊహకు తగిన వేగం లెక్కకట్టి, గుండె దడ పెంచుతుంది. పైలట్ కన్నూ ఈ లెక్కే వేస్తుంది, కాకపోతే గంటకు ఆరువందల కిలోమీటర్ల వేగంతో వేస్తుంది.

మనవాళ్ల అనుభవం కూడా ఉంది. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా లద్దాఖ్ సరిహద్దులో మన సైనికులు గుర్తు తెలియని వెలుగులు 329 సార్లు కనిపించాయని నమోదు చేశారు. చైనా డ్రోన్లని అనుమానం. చివరికి బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ నుంచి ఖగోళ శాస్త్రజ్ఞులు వెళ్లి చూశారు. ఒకటి శుక్రుడు, ఒకటి గురుడు. పంచాంగం ఉన్న ఏ ఇంట్లోనైనా ఆ సమాచారం దొరికేది. 2016 గణతంత్ర దినోత్సవం నాడు రాజస్థాన్‌లో బాడ్‌మేర్ దగ్గర రాడార్‌కు ఏదో చిక్కితే సుఖోయ్ లేచి కూల్చింది. అది బెలూన్, దాని మీద "హ్యాపీ బర్త్‌డే" అని రాసి ఉందని పత్రికలు రాశాయి. 2023 నవంబరు 19న ఇంఫాల్ విమానాశ్రయం మీద ఏదో కనిపించిందని రాఫెల్‌లు వెళ్లి వెతికాయి, ఏమీ దొరకలేదు. అది పట్టపగలు కాబట్టి మన శాస్త్రం పరిధిలోకి రాదు.

అన్నీ బెలూన్లూ గ్రహాలేనా అంటే, అలా తీర్పు చెప్పేస్తే మల్లినాథుడు క్షమించడు. 1976 సెప్టెంబరు 19 తెల్లవారుజామున టెహరాన్ మీద రెండు ఫాంటమ్ జెట్లు ఒక వెలుగు వెంట పోయాయి. దగ్గరకెళ్లేసరికి పరికరాలు మొరాయించాయి. అది గురుగ్రహమూ, పాత వైరింగూ కలిసి ఆడిన నాటకమని కొందరంటారు. నాకా వివరణ పూర్తిగా మింగుడుపడలేదు. దాన్ని శేషప్రశ్నగా వదిలేస్తున్నాను. ప్రతి శాస్త్రానికీ ఒకటి ఉండాలి, లేకపోతే తర్వాతి పండితులకు పని ఉండదు.

ఇప్పుడు అసలు ప్రకరణం. అనామక దీపాలకు పుట్టినిల్లు ఎక్కడో అమెరికా ఎడారిలో ఉందని అందరూ అనుకుంటారు. మా పక్కనే, హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర ఉంది. హోమీ భాభా కాస్మిక్ కిరణాల కోసం 1945లో మొదలుపెట్టిన బెలూన్ ప్రయోగాలకు టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1969లో అక్కడ శాశ్వత కేంద్రం కట్టారు. పలచటి పాలిథిన్ సంచి, అందులో హైడ్రోజన్. పైకి వెళ్లేసరికి ఉబ్బి యాభై మీటర్ల వ్యాసం దాటుతుంది. ముప్పై కిలోమీటర్ల పైకి, ఒక్కోసారి నలభై దాకా పోతుంది. ప్రయాణికుల విమానం ఎక్కే ఎత్తుకు మూడింతలు. వదిలేది ఎక్కువగా రాత్రి, తెల్లవారేలోపు. అంత ఎత్తులో ఉన్నదానికి మనకంటే ముందే సూర్యోదయం అవుతుంది. పాశమైలారంలో ఇంకా చీకటే. షిఫ్టు దిగి సైకిల్ తీసేవాడి నెత్తి మీద తెల్లటి ముత్యం ఒకటి దాదాపు అరగంట చప్పుడు లేకుండా వెలుగుతూ ఉంటుంది. దుండిగల్‌లో ఆ వేళకు రన్‌వే మీదున్న కుర్రవాడికీ అదే కనబడుతుంది. లోకంలో ఇంతకంటే పకడ్బందీగా అనామక దీపం తయారుచేయడం నాకు తెలిసి సాధ్యం కాదు.

2022 డిసెంబరు 7 ఉదయం ఇలాంటిదే హైదరాబాద్ ఆకాశంలో కనిపించి ఫోన్లన్నీ పైకి లేచాయి. కాసేపటికి వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో పెద్ద గుడిసె అంత వింత పెట్టె ఒకటి దిగింది. గ్రహాంతరవాసులొచ్చారని ఊళ్లు కదిలాయి. తీరా చూస్తే హేలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ, డబ్బున్నవాళ్లను బెలూన్‌లో అంతరిక్షం అంచుదాకా తిప్పి తెద్దామని, మన బెలూన్ కేంద్రం సాయంతో ఖాళీగా పంపి చూసిన క్యాప్సూల్. గ్రహాంతరవాసులు లేరు. లోపల టూరిస్టులు కూడా లేరు.

ఈ బెలూన్ల వంశంలో ఒక విషాదం ఉంది. 1948 జనవరి 7న కెంటకీలో కెప్టెన్ థామస్ మాంటెల్ ఆకాశంలో మెరిసే వస్తువు వెంట, ఆక్సిజన్ లేకుండా ఎక్కుతూ ఎక్కుతూ పోయి, విమానం కూలి చనిపోయాడు. ఆయన వెంటపడింది స్కైహుక్ బెలూన్ అని ఎక్కువమంది ఒప్పుకున్న వివరణ. అదీ పాలిథిన్‌దే, కాస్మిక్ కిరణాల కోసం ఎగిరిన జాతిదే; అప్పటికి రహస్యం కాబట్టి ఆయనకెవరూ చెప్పలేదు.

మన బెలూన్లకు ఆ జబ్బు లేదు. సీజన్‌కు ముందే జిల్లాల పేర్లతో పత్రికల్లో ప్రకటన వస్తుంది. రంగురంగుల పారాచూట్‌తో దిగే పెట్టె మీద చిరునామా ఉంటుంది, ఫోన్ నంబరు ఉంటుంది. అనామకమన్న అభియోగం ఇక్కడ కొట్టుడుపోయింది.

అయితే ఈ ప్రాంతంలో అనామకం ఏదీ లేదా? తర్కసంగ్రహం రాసిన మన తెలుగువాడు అన్నంభట్టు, పొగ కనిపించిన కొండ మీద నిప్పు ఉందని ఊహించమన్నాడు. బొల్లారం పక్కన కాపురముంటే ఇంకో ఉదాహరణ చేర్చేవాడు: రాత్రి పన్నెండు దాటాక వాసన ఉంటుంది, పొగ కనబడదు, కొండ ఎవరిదో తేలదు. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. వస్తువు గుర్తు తెలిసింది, మిల్లీగ్రాములతో సహా. కానీ అక్కడికి నీళ్లు పంపేవి సుమారు 90 మందుల కంపెనీలు. ఎవరి వాటా ఎంతో? ఆకాశంలో వెలుగుకు వస్తువు తెలియదు, ఆ నీళ్లు చేరిన నక్కవాగులో నురగకు యజమాని తెలియడు. మొదటిదానికి సుఖోయ్‌లు లేస్తాయి. రెండోదానిమీద 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు హైకోర్టు మీదుగా హరిత ట్రిబ్యునల్ దాకా నడిచింది.

ఇక ప్రయోజనం. మీ చేనులో పారాచూట్‌తో పెట్టె దిగితే ముట్టుకోకండి, విప్పకండి. అందులో శాస్త్రజ్ఞుల నెలల శ్రమ ఉంటుంది, కొన్నింట్లో కరెంటు కూడా. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు గానీ తపాలా ఆఫీసుకు గానీ చెప్పండి. చెక్కుచెదరకుండా కాపాడి కబురు చేసినవారికి తగిన బహుమానమూ, ఫోనూ ప్రయాణ ఖర్చులూ ఇస్తామని ఆ బెలూన్ కేంద్రం వాళ్లే ప్రకటిస్తుంటారు. అలాగే రాత్రి లైట్లు ఆర్పేసి వాగు గట్టున ట్యాంకర్ ఏదైనా ఆగి కనిపిస్తే, దూరం నుంచే నంబరు రాసుకుని కాలుష్య నియంత్రణ మండలికి చెప్పండి. దీనికి బహుమానం సంగతి నేను హామీ ఇవ్వలేను. అయినా చెప్పండి.