ఉట్టి చెప్పిన లెక్క

నేను ఉట్టిని. మాదాపూర్ శిల్పారామంలో వెదురు బుట్టలకూ మట్టి కుండలకూ నడుమ వేలాడే తెల్లటి నూలు ఉట్టిని. పూలకుండీ పెట్టుకుందామని బాల్కనీకి కొనుక్కెళ్లేవాళ్లు నన్ను మాక్రమే ప్లాంట్ హ్యాంగర్ అంటారు. పేరుతో నాకు పేచీ లేదు, పేచీ అంతా వెలతోనే. చేతిలోకి తీసుకుని బరువు చూసి, ఇంత దారానికి అంత ధరా అని బేరమాడతారు. శిల్పారామం 1992లో మొదలైంది, 1998లో దగ్గర్లోనే ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ తెరుచుకుంది. అప్పటి నుంచీ ఈ చుట్టుపక్కల బాగా అమ్ముడయ్యేది బరువు లేని సరుకే: ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పే ఆదేశాల వరుస. దాన్ని కంప్యూటర్ తూచి ఎవరూ కొనరు. నాలో ఉన్నదీ అలాంటి వరుసే, కాబట్టి నా లెక్కా అలాగే కట్టాలంటాను.

నాలో కుట్టు లేదు, జిగురు లేదు. పైన ఒక రింగు, దానికి మడిచి తగిలించిన దారాలు, అంతే. దారాలను నాలుగేసి చొప్పున విడదీసి, నడిమి రెంటినీ నిటారుగా వదిలి, పక్క రెంటితో వాటి చుట్టూ ముడులు వేస్తారు. ప్రతిసారీ ఎడమ దారంతోనే మొదలుపెడితే అల్లిక తనంతట తానే మెలికలు తిరుగుతూ దిగుతుంది. ఒకసారి ఎడమ, ఒకసారి కుడి అని మారిస్తే చదునుగా పట్టీ కడుతుంది. స్క్వేర్ నాట్ అనేది అదే. చూసేవాళ్లకు రెండు డిజైన్లు, దారం మాత్రం ఒక్కటే. కుండీ కూర్చునే చోట ఈ గుంపులో రెండు దారాలు, పక్క గుంపులో రెండు కలిపి ముడేస్తారు. అలా వల కళ్లు ఏర్పడి, కుండీ చిన్నదైనా పెద్దదైనా సర్దుకుని పట్టుకుంటాయి. 1970లలో పాశ్చాత్య దేశాలను ఊపేసిన ఫ్యాషన్ కదా, నీకూ ఈ నేలకూ ఏం సంబంధం అంటారేమో. దూలానికి వేలాడి పాలూ వెన్నా పిల్లికి అందకుండా కాచిన పాత ఉట్టి, ఎద్దు మూతికి కట్టే చిక్కం నాకు దగ్గరి చుట్టాలే. చీర కొంగు కుచ్చులైతే ఇంకా దగ్గర. మగ్గం దిగిన గుడ్డ కొసన పోగులు ఊడిపోకుండా అరబ్బు నేతగాళ్లు వేసిన ముడుల నుంచే మాక్రమే పుట్టిందని సాధారణంగా చెబుతారు.

ముడి తాడును బలహీనపరుస్తుంది, మరి ఇన్ని ముడులు సింగారానికే కదా అని ఏ ఇంజినీరైనా అడగొచ్చు. మొదటి మాట నిజమే. గట్టిగా వంగిన చోట తాడులోని పోగులన్నీ బరువును సమానంగా మోయవు. కొన్ని ముడులతో బలం సగానికి పడిపోతుంది. అందుకే పొడవాటి వరుసల్లో బరువు మోసే పని నిటారు దారాలది, వాటిని ఒద్దికగా పట్టి ఉంచే పని ముడులది. వంపు తప్పని వల దగ్గర బరువును అన్ని దారాలూ పంచుకుంటాయి. ఒట్టి సింగారం నాలో లేకపోలేదు: అడుగున వేలాడే కుచ్చు ఏమీ మోయదు, కత్తిరించినా కుండీ కింద పడదు. ఇక యంత్రం సంగతి. చేపల వలలకు ముడులేసే యంత్రాలు ఎప్పటి నుంచో ఉన్నాయి, అయితే అక్కడ ముడీ ఒకటే, దూరమూ ఒకటే. నాలో రెండూ మారుతుంటాయి. పైగా ప్రతి ముడికీ దారం కొసదాకా లూపులోంచి బయటికి రావాలి. అందుకని తయారయ్యే పొడవుకు సుమారు నాలుగింతలు ముందే కొలిచి కోసుకోవాలి; తక్కువైతే నడుమ అతుకే గతి. ఆ అంచనాకూ, మొదటి ముడికీ చివరి ముడికీ ఒకే బిగువు ఉంచే వేళ్లకూ తక్కెడలో చోటు లేదు.

గట్టి అభ్యంతరం ఇంకోటుంది: నీ వరుస ఎవరైనా చూసి నేర్చుకోవచ్చు కదా అని. నేర్చుకోవచ్చు. 1944లోనే అమెరికాలో క్లిఫర్డ్ యాష్లీ 3,800కు పైగా అంశాలతో, బొమ్మలతో ముడుల పుస్తకం అచ్చు వేశాడు. దారం పాడవకుండా నన్ను విప్పి చూసుకున్నా సరే. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు అందరికీ తెరిచే ఉంటాయి, వాటితో పనిచేసేవాళ్లకు ఈ ఐటీ కారిడార్‌లో జీతాలేమీ ఆగలేదు. ఇంట్లో అల్లుకునేవాళ్లు హాయిగా అల్లుకోండి, కొనేవాళ్లు మాత్రం చేతులు పడిన గంటలకు వెల కట్టండి. వాన జల్లు పడే బాల్కనీకైతే నన్ను కొనకండి, నూలుకు బూజు పడుతుంది, నైలాన్‌ది అడగండి. అది జారుడు దారం. ముడులు ఇంకా బిగించాలి, వేళ్లు ఒరుసుకుపోతాయి, కూలి మరికాస్త ఎక్కువే అడుగుతారు.