బేగంపేట గాజు పలక చెప్పుకున్న కథ

నేను గాజు పలకను. నా ఒంటి మీది నల్ల చుక్కలు మరకలు కావు, నక్షత్రాలు. నెగటివ్‌ను కాబట్టి నాలో ఆకాశం తెల్లగా, చుక్కలు నల్లగా ఉంటాయి.

ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి నక్షత్రాల స్థానాలు లెక్కగట్టాలని 1887లో పారిస్‌లో ఖగోళవేత్తలు తీర్మానించారు. దేశదేశాల వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాదు వంతుకొచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ మక్కువతో నెలకొల్పిన వేధశాలను ఆయన పోయాక నిజాం ప్రభుత్వం 1908లో తీసుకుంది. నేను పుట్టింది ఆ నిజామియా వేధశాలలోనే, బేగంపేటలో.

ఆ రాత్రిని మరిచిపోలేను. 8 అంగుళాల దుర్భిణి వెనక నన్ను బిగించారు. భూమి తిరుగుతున్నా చుక్క గీతగా సాగిపోకుండా, పరిశీలకుడు దారి చూపే నక్షత్రం మీంచి కన్ను తిప్పలేదు. తర్వాత సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క చుక్కనూ కొలిచి అంకెలు రాసుకున్నారు. వేధశాల సంచాలకుడు పోకాక్ హయాంలో ఊపందుకున్న ఈ పని, ఆయన తర్వాత సంచాలకుడైన భాస్కరన్ కాలంలోనూ కొనసాగింది. 7 లక్షలకు పైగా నక్షత్రాలు సంపుటాలకెక్కాయి. ఆ పనిలో నేనూ ఉన్నాను. అది నా గర్వం.

అంకెలు అచ్చయ్యాక నాతో ఎవరికీ పని లేకపోయింది. నన్ను కాగితం కవరులో పెట్టి బీరువాలో నిలబెట్టారు. ఆ బీరువాను ఎన్నిసార్లు జరిపారో! పక్కనున్న పలక పగిలితే ముక్కలు ఊడ్చి పారేశారు. అందులో ఏ ఆకాశం ఉందో చూసినవారు లేరు. వానాకాలపు చెమ్మకు నా అంచున జెలటిన్ పొర లేవడం మొదలైంది. బయట నగరం దీపాలతో నిండిపోవడంతో, నేను చూసిన మసక చుక్కలు ఇప్పుడు బేగంపేట నుంచి కనబడవు.

అయితే, నక్షత్రం కదలిక తెలియాలంటే పాత చోటు తెలియాలి. హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలను మా తరం పలకల అంకెల పక్కన పెట్టి, 2000లో టైకో-2 పట్టికలో సుమారు 25 లక్షల నక్షత్రాల కదలికలు లెక్కగట్టారు. ఆ నడుమ గడిచిన దశాబ్దాలను ఏ కొత్త యంత్రమూ తయారుచేయలేదు.

ఆనాడు నాలో కొలిచింది ముఖ్యంగా స్థానాలనే. ఏ చుక్క ఆ రాత్రి ఎంత వెలిగిందో ఇంకా నా మీదే ఉంది. హార్వర్డ్‌లో నాలాంటి పలకలను లక్షల్లో స్కాన్ చేశారు. నా పొర ఊడిపోకముందే నన్నూ ఒకసారి వెలుతురు మీద పెట్టండి.