పొడి పనిచేసి తీరాలంటే

బరువు తగ్గించే మూలికల పొడి కొన్నారా? మంచి పని చేశారు. మూత తీసీ తీయగానే డబ్బాలో ఉన్న మడత కాగితాన్ని బీరువాలో దాచేయండి. అందులో చిన్న అక్షరాల్లో ఉంటుంది: అన్నం సగానికి తగ్గించాలి, స్వీట్లూ వేపుళ్లూ మానాలి, రాత్రి ఎనిమిది లోపు తినేయాలి, రోజూ ముప్పావు గంట నడవాలి. అన్నీ అక్షరాలా పాటించండి. నెల తిరిగేసరికి తగ్గిన రెండు కిలోలనూ పొడి ఖాతాలో జమ వేయండి. పొడి లేకుండా ఉత్త కాగితమే పాటిస్తే ఎంత తగ్గుతామో చూద్దామన్న దుర్బుద్ధి మాత్రం పుట్టనివ్వకండి.

అమెరికాలో కొందరికి పుట్టింది. కేరళవాళ్లు చేపల పులుసులో వేసుకునే కుడంపులి ఉంది చూడండి, డబ్బాల మీద గార్సీనియా కంబోజియా అని ఠీవిగా కనిపించేది, దాని సారాన్ని లావుగా ఉన్న 135 మందిలో దాదాపు సగంమందికి ఇచ్చి, మిగతావాళ్లకి ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. పథ్యం అందరికీ ఒకటే. పన్నెండు వారాల తర్వాత తూస్తే మూలిక మింగినవాళ్లు సగటున 3.2 కిలోలు, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లు 4.1 కిలోలు తగ్గారు. గణాంకాల లెక్కలో ఆ తేడా తేడాయే కాదట, రెండూ ఒకటేనట. 1998లో అచ్చయిన ఈ సంగతి మీ చెవిన పడితే, ఆ ఉత్తుత్తి మాత్ర ఏ షాపులో దొరుకుతుందో వాకబు చేయండి.

చదివితే ఉత్సాహాన్నిచ్చేవి చదవాలి. పచ్చి కాఫీ గింజల సారంతో 22 వారాల్లో సగటున ఎనిమిది కిలోలు తగ్గారని 2012లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. ప్రయోగం జరిగింది మన బెంగళూరులోనే, మొత్తం పదహారు మంది మీద. తూకాల అంకెల్ని పదేపదే మార్చారని 2014లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించడం, ప్రయోగం చేయించిన కంపెనీ 35 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకోవడం, పత్రాన్ని వెనక్కి తీసుకోవడం తర్వాతి కథ. మీరు 2012 దగ్గరే ఆగిపోండి.

ఇక తూకం. రాత్రికి రాత్రే ఫలితం కావాలంటే సునాముఖి కలిసిన పొడి ఎంచుకోండి. తెల్లారేలోపు నాలుగుసార్లు పరుగెత్తిస్తుంది, పొద్దున్న కాటా ఎక్కితే కిలో తక్కువ. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలని, బాత్రూముకి నాలుగు ట్రిప్పులేస్తే అంత కావని ఇంట్లో ఇంటర్ చదివే పిల్లవాడు లెక్క చెప్పబోతే కసిరేయండి. మధ్యాహ్నం దాకా మంచినీళ్ల జోలికి పోవద్దు, ఆ కిలో తిరిగొచ్చేస్తుంది. జిమ్ముల్లో కాళ్ల కింద లోహపు పలకలుండి కొవ్వు శాతం చూపే కాటా ఉంటుంది, దాని ఛాయలకు పోకండి. అది ఒంట్లోకి సన్నని కరెంటు పంపి, నీటిని బట్టి కొవ్వుని అంచనా వేస్తుంది. నీరు తోడేసిన ఒంట్లో కొవ్వు శాతం పెరిగిందని చూపించగలదు. రాత్రంతా అంత అవస్థ పడ్డాక ఆ అంకె చూడటం పగవాడికి కూడా వద్దు. పక్కింటి వదినగారిని అడగండి. కొవ్వు పోయిందా, కండ పోయిందా, నీరు పోయిందా అన్న విచారణ ఆవిడకి అక్కర్లేదు. "ముఖం ఎంత పీక్కుపోయిందో!" అంటుంది. అంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి?

పొడి మరీ నిదానం అనిపిస్తే క్యాప్సూళ్లకి మారండి. మూడో రోజుకే ఆకలి చచ్చిపోయి, గుండె దడదడలాడి, నిద్ర పట్టకపోతే అదంతా వేళ్ల మహిమేనని నమ్మండి. సిబుట్రమిన్ అని ఆకలి చంపే మందు ఒకటుండేది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని 2010లో అమెరికా మార్కెట్ నుంచి వెళ్లిపోయింది, 2011లో మన దేశం నిషేధించింది. తర్వాత కూడా అది "నూటికి నూరు శాతం మూలికలు" అని రాసిన సీసాల్లో అధికారులకి దొరుకుతూనే ఉంది. మీ సీసా బాగా పనిచేస్తుంటే ల్యాబుకి పంపి శుభమా అని జరుగుతున్నదాన్ని చెడగొట్టుకోకండి.

గ్రీన్ టీ కప్పులో తాగడం పాతపద్ధతి, సారం మాత్రలు మింగండి. అందులోని ఈజీసీజీ రోజుకి 800 మిల్లీగ్రాములో ఆపైనో అయితే లివర్ పరీక్షలో అంకెలు పెరగొచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. పోనీలెండి, కాటా మీద కదలకపోయినా ఎక్కడో ఒకచోట అంకె కదిలింది.

పొడి మానేశాక పాత బరువు తిరిగొస్తే మాత్రం సంబరపడండి. అప్పటిదాకా పనిచేసిందనడానికి అంతకంటే రుజువుండదు. వెంటనే అమ్మిన పిన్నిగారికి ఫోన్ చేయండి, రెండు డబ్బాలు కొంటే ఒకటి ఉచితంగా ఇప్పిస్తుంది.

కళ్లు పచ్చబడి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చిందనుకోండి. "మందులేమైనా వాడుతున్నారా?" అంటాడు. "ఏం లేవండీ" అనండి. పొడి మందెలా అవుతుంది? ఆయన వదలకుండా డబ్బా తెమ్మంటే, తీసుకెళ్లే ముందు ఫోన్ నంబరున్న స్టిక్కరు గీకేయండి. పిన్నిగారు నొచ్చుకుంటుంది.