బియ్యం బస్తా బాగా వచ్చింది

రిటైరైన మగవాళ్లకి మా రాజమండ్రిలో కాలక్షేపానికి కొదవ లేదు. పొద్దున్నే గోదావరి గట్టు మీద నడక, సాయంత్రం ప్రవచనం, మధ్యలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ హోమియో మాత్రలు పంచడం, డాబా మీద కుండీల్లో వంకాయలు పెంచి వాటి బరువు గురించి అబద్ధాలు చెప్పడం. నేను వీటిలో ఏదీ పట్టుకోలేదు. తలుపేసుకుని, బట్టలు విప్పి, నా ఫొటోలు నేనే తీసుకుంటున్నాను.

పత్రిక మూసేయకండి. కళాత్మకంగానే తీసుకుంటున్నాను.

ఈ మాట ఇంత ధైర్యంగా చెబుతున్నానంటే కారణం ఉంది. మా ఆవిడకి ముందే తెలుసు. తెలిసి ఊరుకుంది. ఆ ఊరుకోవడమే నా బాధ. ఉద్యోగమంతా ఖజానా ఆఫీసులో బిల్లుల మీద టిక్కులు పెట్టుకుంటూ వెళ్లదీసినవాడికి, ఒక్కసారైనా ఇంట్లోవాళ్లు బుగ్గలు నొక్కుకుని ‘హవ్వ’ అనే పని ఏదైనా చేయాలని ఉంటుందా ఉండదా? మీకు మాత్రం లేదూ?

మావాడు కొత్త కెమెరా కొనుక్కుని పాతది ఇంట్లో పడేసి వెళ్లడంతో మొదలైంది ఇదంతా. ఏం తీయాలా అని పుస్తకాలు తిరగేస్తుంటే జాన్ కోప్లన్స్ అనే ఆయన తగిలాడు. 1920లో లండన్‌లో పుట్టి, తరవాత అమెరికా చేరి, ‘ఆర్ట్‌ఫోరమ్’ అనే కళాపత్రికకి సంపాదకుడిగా చేసి, అరవై దాటాక, 1984లో, తన ఒంటిని తానే ఫొటోలు తీసుకోవడం మొదలెట్టాడు. జారిన పొట్ట, ముడతల మోకాళ్లు, నెరిసిన వెంట్రుకలు, అన్నీ నలుపు తెలుపుల్లో, మనిషి కంటే పెద్ద ప్రింట్లు. తల మాత్రం ఎక్కడా కనపడనివ్వడు. పెద్ద పెద్ద మ్యూజియాలే ఆ బొమ్మలు కొనుక్కున్నాయి. ఆ పొట్ట చూశాక నాకు ధైర్యం వచ్చింది. కావలసిన సరుకంతా దేవుడి దయవల్ల నా దగ్గర కూడా సమకూరి ఉంది.

మా ఆవిడకి ఎలా చెప్పాలో రెండు రోజులు లోలోపల రిహార్సల్ వేసుకున్నాను. ఆవిడ చింతపండులో గింజలు ఏరుతుండగా చెప్పాను. తలెత్తలేదు.

“ఫ్యాన్ ఆపుకోండి. మీకు ఛాతీకి చలి పడదు” అంది.

అంతే. ఎవరూ కాదనకపోయినా వాదించాలి కదా, అందుకని, “వేమన అంతటివాడు గోచీ కూడా లేకుండా తిరిగాడోయ్” అన్నాను.

“ఆయన బట్టలు వదిలేశాడు. మీరు విప్పి మళ్లీ తొడుక్కుంటారు. ఆ లుంగీ మంచం మీద పడేయకుండా కొక్కేనికి తగిలించండి” అంది.

1965లో దిగంబర కవులు తెలుగుదేశాన్ని ఎంత ఉలిక్కిపడేలా చేశారో చెబుదామనుకుని కూడా మానేశాను. వాళ్లు విప్పింది మాటల్లోనే అని ఆవిడకి తెలుసు.

మావాడికి ఫోన్ చేశాను. కాస్త ఆధునికుడు కాబట్టి కనీసం కంగారైనా పడతాడని. కాసేపు నిశ్శబ్దం. నా గుండె ఆనందంతో కొట్టుకుంది. “నాన్నా, ఐ.ఎస్.ఓ. ఎంతలో పెట్టావు? ఎక్కువ పెడితే గింజలు గింజలుగా వస్తుంది” అన్నాడు. ఆ తరవాత, “ఆ పని ఫోన్‌తో మాత్రం చేయకు. ఫోన్‌లో ఫొటోలు వాటంతటవే నెట్‌లోకి ఎక్కిపోతాయి. కార్డు కెమెరాలోనే ఉంచుకో” అని జాగ్రత్త చెప్పి పెట్టేశాడు. జాగ్రత్త మంచిదే. మీలో ఎవరికైనా ఈ ఆలోచన ఉంటే మీరూ పాటించండి.

ఇందులో అసలు కష్టం సిగ్గు కాదు, ఫోకస్. కెమెరా వెనక నిలబడితే ముందు మనిషి ఉండడు. ముందుకెళ్తే వెనక మనిషి ఉండడు. కోప్లన్స్ అయితే తన వీపు తనకి కనపడేలా వీడియో కెమెరా, టీవీ తెర పెట్టుకున్నాడు. బటన్ నొక్కడానికి సహాయకులుండేవారు. మాలాంటివాళ్లకి ఒకటే ఉపాయం. మనం కూర్చోబోయే చోట ఇంచుమించు మన కొలతలున్న వస్తువొకటి పెట్టి, దాని మీద ఫోకస్ కుదిర్చి, లెన్స్‌ని మాన్యువల్‌లోకి మార్చేసి, ఆ వస్తువుని లాగేసి మనం కూర్చోవాలి. ఇల్లంతా వెతికితే నా కొలతలకి బియ్యం బస్తా సరిపోయింది.

వెలుగు సంగతి కూడా చెప్పాలి. ఎండ నేరుగా పడని ఉత్తరం కిటికీ మంచిది. దానికి ఉతికిన తెల్ల పంచె అడ్డం కడితే వెలుగు మెత్తబడుతుంది. ఆ విధంగా పంచె నా నడుము వదిలి కిటికీని పట్టుకుంది. ఎదురుగా పడే వెలుగు అన్నిటినీ చదును చేసేస్తుంది, పక్కనుంచి పడేది ఒంటి మీద ఎత్తుపల్లాలు చూపిస్తుంది. నాలో ఎత్తులే తప్ప పల్లాలు లేవని పక్క వెలుగు మొదటి రోజే తేల్చేసింది.

ఇక టైమర్. పది సెకన్లు. నొక్కి, పరిగెత్తి, కూర్చుని, పొట్ట లోపలికి పీల్చి, ముఖంలో వైరాగ్యం తెచ్చుకోవాలి. పొట్ట పీలిస్తే వైరాగ్యం రాదు. వైరాగ్యం వచ్చేసరికి పొట్ట బయటికొస్తుంది. ఆ రెండూ కుదిరిన క్షణంలో కళ్లు మూతపడతాయి.

ఆ సాయంత్రం మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, కెమెరా తెర మీద ఒక్కొక్క ఫొటో చూసింది. ఎక్కడా కనురెప్ప అదరలేదు. మొదటి దాని దగ్గరికి మళ్లీ వెనక్కి వచ్చింది.

“ఇది బాగుంది. వెలుగు చక్కగా పడింది. నిలకడగా కూర్చుంది.”

బియ్యం బస్తా.

మిగతావాటిలో ఆవిడకి కనిపించినవి: నా వెనక గూట్లో బూజు, ఆవకాయ జాడీకి వదులుగా కట్టిన గుడ్డ, ఎప్పటినుంచో వెతుకుతున్న స్క్రూడ్రైవరు. మర్నాడు గూడు దులిపింది, జాడీకి గుడ్డ బిగించి కట్టింది. నా నగ్నత్వం వల్ల ఇల్లు శుభ్రపడింది.

“అది సరే గానీ, బనీను విప్పలేదేం?” అంది.

విప్పానండీ! కానీ ఇన్నేళ్లు పొట్టి చేతుల చొక్కా వేసుకుని స్కూటర్ మీద ఆఫీసుకెళ్లిన ఒళ్లు కదా. మోచేతుల దాకా నలుపు, మెడ కింద త్రికోణంగా నలుపు, మిగతాదంతా తెలుపు. నలుపు తెలుపు ఫొటోలో అది తెల్ల చొక్కాలాగే వచ్చింది. అన్నీ విప్పేసినా నేను గుమాస్తాలాగే ఉన్నాను.

ఇలాంటి అవస్థ పడ్డవాడు ఇంకొకడున్నాడని తరవాత తెలిసి మనసు కుదుటపడింది. హిప్పొలైట్ బయార్ అని ఫ్రాన్సు దేశస్థుడు. ఆయనా ఆర్థిక శాఖ ఉద్యోగే, చూశారా! కాగితం మీద నేరుగా ఫొటో పడే పద్ధతి సొంతంగా కనిపెట్టాడు. అయితే 1839లో పేరూ, ప్రభుత్వ పింఛనూ ఇంకో పద్ధతి కనిపెట్టిన డాగెర్ అనే ఆయనకి దక్కాయి. మనవాడికి ఒళ్లు మండింది. 1840లో నడుము దాకా బట్టలు లేకుండా, కళ్లు మూసుకుని, నీళ్లలో పడి చచ్చిపోయినవాడిలా తన ఫొటో తానే తీసుకున్నాడు. నగ్న స్వీయచిత్రాలకి ఆద్యుడు ఆయనే అనుకోవచ్చు. అందులో ముఖం, చేతులు నల్లగా, ఒళ్లు తెల్లగా వచ్చాయి. ఎండ తగిలిన చోటల్లా నలుపన్నమాట. ఆయనేం తక్కువవాడా, ఫొటో వెనక ఇలా రాసిపెట్టాడు: ప్రభుత్వం డాగెర్‌కి అన్నీ ఇచ్చి తనకేమీ ఇవ్వనందుకు ఈ అభాగ్యుడు మునిగి చచ్చాడని, ముఖమూ చేతులూ అప్పుడే కుళ్లడం మొదలైందని. ఆ శవం 1887 దాకా బతికింది. ప్రమోషన్ రాని ప్రతి ఉద్యోగీ ఆయన ఫొటో బల్ల మీద పెట్టుకోవాలని నా అభిప్రాయం.

మా ఇంట్లో గొంతు పెరిగింది ఒక్కసారే. మొలతాడు దగ్గర. బొమ్మలో అది అడ్డమొస్తోంది, కత్తెర ఇమ్మన్నాను.

“ఆ పని మాత్రం చేయకండి!” అంది. మొలతాడు ఎప్పుడు తెంచుతారో మీకూ తెలుసు.

“అదుంటే ఇది నగ్నచిత్రం కాదోయ్. మనవాళ్ల లెక్కలో మొలతాడున్నవాడు దిగంబరుడు కాడు.”

“మరీ మంచిది. ఇంక మీ ఇష్టం వచ్చినట్టు తీసుకోండి.”

ఒక్క ముక్కతో నా తిరుగుబాటుని సంప్రదాయంలో కలిపేసింది.

గదిలో పస లేదు, ప్రకృతిలోకి వెళ్లాలనిపించింది. అమెరికా ఫొటోగ్రాఫర్ ఇమోజెన్ కనింగ్‌హామ్ 1906లోనే, చదువుకుంటున్న రోజుల్లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఆవరణలో గడ్డిలో బట్టల్లేకుండా పడుకుని తన ఫొటో తానే తీసుకుంది. ఫిన్లండ్‌లో పుట్టిన ఆర్నో మింకినెన్ యాభై ఏళ్లుగా సరస్సుల్లో, మంచులో, కొండ అంచుల మీద తన ఒంటినే తీసుకుంటున్నాడు. ఇంకెవరినీ కెమెరాలోంచి చూడనివ్వడు. మా ఆవిడకి ఇవన్నీ చూపించాను. “వాళ్ల ఊళ్లో దోమలు లేవు కాబోలు” అంది. డాబా మీదికైనా వెళ్దామంటే, అక్కడ పక్క ఫ్లాటావిడ వడియాలు ఎండబెట్టి కాపలా కూర్చుంటుంది.

అప్పుడు ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్‌ని బయటికి తీశాను. 1870లో పుట్టిన పంజాబీ జమీందారు, సంస్కృతం పారశీకం చదివిన పండితుడు, చిత్రకారిణి అమృతా షేర్‌గిల్‌కి తండ్రి. ఎవరో తీస్తారని చూడకుండా, యోగంతో ఉపవాసంతో మలుచుకున్న ఒంటిని నడుముకి చిన్న గుడ్డతో తానే ఫొటోలు తీసుకున్నాడు. “మన దేశంవాడే, భార్యాపిల్లలున్నవాడే” అని నొక్కి చెప్పాను.

“ఆయన ఉపవాసం చేసి తీసుకున్నాడు. మొన్న ఏకాదశికి మీరు తిన్న ఉప్మా నేను కలిపాను కాబట్టి నాకు తెలుసు” అంది.

దానికి శిక్ష దేవుడే వేశాడు. కార్తీకం మొదట్లో ఒకరోజు ఆవిడ గుడికి వెళ్లింది. నేను వెనకాల తెరగా కట్టడానికి నల్ల దుప్పటి ఒకటి కొన్నాను. సరిగ్గా వైరాగ్యమూ పొట్టా ఒకదారికొస్తున్న సమయంలో కాలింగ్ బెల్. లుంగీ, చెప్పిన మాట విని కొక్కేనికి తగిలించడం వల్ల, పక్క గదిలో ఉంది. పంచె కిటికీకి ఉంది. దొరికిన నల్ల దుప్పటి చుట్టుకుని తలుపు తీశాను. వాచ్‌మన్. నన్ను పైనుంచి కిందికి చూసి, చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించాడు.

“స్వామియే శరణం అయ్యప్ప! మాల ఎప్పుడేసుకున్నారు స్వామీ?”

ఏం చెప్పమంటారు? శరణం అన్నాను.

సాయంత్రానికి అపార్ట్‌మెంట్ అంతా నన్ను స్వామీ అంటోంది. సెక్రటరీ స్వామి భిక్షకి పిలిచాడు. మా ఆవిడకి జరిగింది చెప్పి, ఏదో రకంగా సర్దిచెప్పమని బతిమాలాను. “దేవుడి పేరు మీద అబద్ధమా? పదండి” అని మర్నాడు తెల్లారకుండా గుడికి తీసుకెళ్లి గురుస్వామి చేత నిజంగానే మాల వేయించింది. నలభై ఒక్క రోజులు. చన్నీళ్ల స్నానం, కాళ్లకి చెప్పుల్లేవు, కటిక నేల మీద పడక, ఒంటిపూట భోజనం. కెమెరా బీరువాలో పెట్టి తాళం తన కొంగున కట్టుకుంది. ఇరుముడి ఎత్తుకుని శబరిమల కొండ కూడా ఎక్కాను. తిరిగొచ్చేసరికి బెల్టుకి కొత్త కన్నం పొడవాల్సి వచ్చింది.

ఆ తరవాత తీసిందే నా మంచి ఫొటో. వీపు. మెడ దగ్గర నుంచి నడుము దాకా, తల ముందుకి వంచేసి, పక్క వెలుగులో. వెన్నెముక లోయలా దిగింది, రెక్కల ఎముకలు రెండూ నీడలు పరుచుకున్నాయి. కింద అంచున మొలతాడు సన్నగా. తీసే ముందు గంటసేపు బిగుతు బట్టలేవీ వేసుకోకుండా తిరిగాను, పట్టీల గీతలు పోవడానికి. పెద్ద ప్రింటు వేయించాను. మా ఆవిడ చూసి మొదటిసారి మెచ్చుకుంది.

“కొలత సరిగ్గా సరిపోయింది” అంది.

హాల్లో గోడకి చెమ్మ మరక ఉంది లెండి. దాని మీదికి ఫ్రేము కట్టించి తగిలించింది.

సంక్రాంతికి మా బావమరిది వచ్చాడు. కాఫీ గ్లాసు పట్టుకుని దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. నా ప్రాణాలు గుమ్మంలో ఉన్నాయి. ఇదిగో, ఇన్నాళ్లకి ఒక్కడైనా ‘హవ్వ’ అనబోతున్నాడు.

“బొర్రా గుహలా అక్కా?”

“అవున్రా. అరకు వెళ్లినప్పుడు మీ బావగారు తీశారు” అంది, గారెలు తిరగేస్తూ.

“రాయి ఎంత నునుపు దేరిందో! బావగారూ, ఈ కిందున్న తాడేమిటి?”

నేను నోరు తెరిచేలోపు వంటింట్లోంచి సమాధానం వచ్చేసింది. “దిగేవాళ్లు పట్టుకోడానికి.”

వాడికెంత నచ్చిందంటే, విశాఖలో కొన్న కొత్త ఫ్లాటుకి ఇంకా పెద్దది కావాలని పట్టుపట్టాడు. ఇస్తారు, సైజు చెప్పు అంది మా ఆవిడ. గృహప్రవేశానికి వెళ్తే సోఫా పైన, గోడ సగం ఆక్రమించుకుని నా వీపు. వచ్చినవాళ్లంతా దాని ముందు వరసలో నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నన్నూ లాక్కొచ్చి నిలబెట్టారు. బావమరిది సెల్‌ఫోన్ ఎత్తి చూసి, దించాడు.

“బావగారూ, కొంచెం పక్కకి జరగండి. బొమ్మకి అడ్డం వస్తున్నారు.”