‘టెంపరరీ ఫెయిల్యూర్’కు టీకా తాత్పర్యము

అవతారిక: నక్కపల్లిలో హైవే పక్క జెరాక్సు కొట్టు. డెబియన్ వేసిన పాత కంప్యూటరు. అడంగల్ కోసం ఉపమాక నుంచి వచ్చిన రైతు “ఏటైంది బాబూ?” అని యడుగగా, కుర్రవాడు పింగ్ కొట్టెను. తెరపై ఈ సూత్రము వెలసెను.

మూలము: పింగ్: మీభూమి.ఏపీ.జీవోవీ.ఇన్: టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్.

ప్రతిపదార్థము: నేమ్ = పేరును; రిజల్యూషన్ ఇన్ = అంకెల చిరునామాగా విప్పుటయందు; టెంపరరీ = ప్రస్తుతానికి; ఫెయిల్యూర్ = చేతులెత్తేయుట; పింగ్ = 1983లో మైక్ మూస్ అను అమెరికావాడు వ్రాసిన పలకరింపు.

తాత్పర్యము: దారి ఉన్నది, పేరు విప్పువాడు లేడు. ‘ఐపీ రూట్’ అనగా డిఫాల్ట్ దారి 192.168.1.1 మీదుగా కనబడుచున్నది. ‘పింగ్ 8.8.8.8’ అనగా జవాబులు వరుసగా వచ్చుచున్నవి. కావున తీగ నిర్దోషి, రౌటరు నిర్దోషి. అయినను కొట్టు యజమాని రౌటరు ప్లగ్గు పీకి పెట్టెను. ఇది లోకాచారమే గాని శాస్త్రసమ్మతము గాదు.

విశేషము: ‘టెంపరరీ’ అనగా కాసేపాగితే వచ్చునని కొందఱు అర్థము చెప్పి రైతును బెంచీ మీద కూర్చోబెట్టుదురు. అది పొసగదు. ఆ పేరే లేదని సర్వరు తేల్చి చెప్పినచో ‘నేమ్ ఆర్ సర్వీస్ నాట్ నోన్’ అను పాఠము వచ్చెడిది. ఇచట ఉన్నదనలేదు, లేదనలేదు, పలుకనే లేదు. ఆ పేరుగల ఊరే లేదని బుకింగు కౌంటరులోని మనిషి చెప్పుట వేరు, కౌంటరులో మనిషే లేకుండుట వేరు.

శంక: మరి అడిగినదెవరిని? సమాధానము: /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్ తెరువవలెను. తెరువగా ‘జెనరేటెడ్ బై నెట్‌వర్క్‌మేనేజర్’ అను గద్య తప్ప గ్రంథము లేదు. ఎవరో ఐపీని చేత్తో స్థిరపరచి, పేరు విప్పువాని చిరునామా వ్రాయవలసిన డీఎన్ఎస్ గడి ఖాళీగా వదిలిరి. మూలమున లేనిది వ్రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిన. యంత్రమునకు ఆ నిగ్రహము లేదు. నేమ్‌సర్వర్ పంక్తి లేనిచో 127.0.0.1ను, అనగా తన్ను తానే, అడుగుకొనును. అడుగువాడును చెప్పువాడును ఒక్కడే యగుటచే అద్వైతము సిద్ధించును, అడంగల్ రాదు.

పాఠశోధన: కుర్రవాడు ఆ ఫైలులో ‘నేమ్‌సర్వర్ 8.8.8.8’ అని చేర్చెను. అడంగల్ వచ్చెను, రైతు వెడలెను. కాని ఆ పంక్తి ప్రక్షిప్తము. కంప్యూటరు మరల వెలిగినప్పుడు నెట్‌వర్క్‌మేనేజర్ అను పరిష్కర్త దానిని కొట్టివేయును. ‘ఎన్ఎమ్‌సీఎల్ఐ’తో కనెక్షనులోనే డీఎన్ఎస్ వ్రాసి, కనెక్షనును తిరిగి లేపవలెను. సోమవారము చేతునని కుర్రవాడనెను.