రెండు కోళ్ళు, ఒకటే గంప

మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. వాడిది స్టార్ వార్స్ సంప్రదాయం, భార్యది స్టార్ ట్రెక్ సంప్రదాయం. పెళ్ళికి ముందు పంతులుగారు గోత్రాలు చూశారు, నక్షత్రాలు చూశారు, గణాలు, నాడి అన్నీ చూశారు. చూడవలసిన పొంతన ఒక్కటే చూడలేదు. కిందటి వేసవిలో నేను వెళ్ళిన మూడో రాత్రే, మజ్జిగన్నం దగ్గర ఇల్లు రెండుగా చీలింది.

"మామయ్యా, మధ్యస్థం నువ్వు చెప్పు. మావాటిల్లో చెత్త ఉంది, కాదనను. వాళ్ళవి సగానికి సగం చెత్తేనని వాళ్ళ శాస్త్రమే చెబుతోంది."

"బాబాయిగారూ, మా అయిదో సినిమా ఘోరమే, ఒప్పుకుంటాను. కానీ ముప్ఫై ఆరేళ్ళ కిందట గోతిలో పడి చచ్చిన ముసలాణ్ణి, ఎలా బతికాడో కూడా చెప్పకుండా లేపుకొచ్చే తెగువ మావాళ్ళకి లేదు."

మజ్జిగ మిరపకాయ కొరుకుతూ నేను గమనించింది ఒకటే. "మాది బాగుంది" అన్న మాట ఇద్దరిలో ఒక్కరి నోటా రాలేదు. ఎవరిది తక్కువ కుళ్ళిందన్నదే వ్యాజ్యం. రెండు కొంపలూ తగలబడ్డాక, మా దూలం ఇంకా సగమే కాలిందని మీసం మెలేసే పౌరుషం ఇది. మన ఊళ్ళలో సినిమా అభిమానులకు ఈ విద్య కొత్త కాదు. మా హీరో ఫ్లాపు మీ హీరో హిట్టుకన్నా ఎక్కువ వసూలు చేసిందని టీకొట్టు దగ్గర గొంతు చించుకున్న జాతే కదా మనది. అయితే అమెరికా వాడు ఏం చేసినా పద్ధతిగా చేస్తాడు. ఈ ఏడుపును కూడా ఒక శాస్త్రం చేసి కూర్చున్నాడు.

వ్యాజ్యం పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా. 1966 సెప్టెంబరు 8న ఎన్‌బీసీ చానల్లో స్టార్ ట్రెక్ మొదలైంది. జీన్ రాడన్‌బెరీ సృష్టి. మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు, ఆపైన మూత. 1977 మే 25న జార్జ్ లూకాస్ స్టార్ వార్స్ విడుదల చేశాడు. మొదటిది అంతరిక్షంలో జరిగే పంచాయతీ బోర్డు సమావేశం. ఓడ కదలాలంటే నలుగురూ బల్ల చుట్టూ చేరి ధర్మసూక్ష్మం తేల్చుకోవాలి. రెండోది విఠలాచార్య జానపదానికి రాకెట్టు కట్టినది. పల్లెటూరి కుర్రాడు, చెరలో రాకుమారి, మహిమగల ముసలి గురువు, వెలిగే కత్తి. ఈ రెంటినీ పోల్చడమంటే గుమ్మడికాయను మద్దెలతో పోల్చడం. రెండూ గుండ్రంగా ఉన్నాయి కదా అని.

పోనీ, భక్తులన్నాక పోట్లాడుకుంటారు. కానీ గుడి వెనకాల ఏం జరుగుతోందో ఒకసారి తొంగిచూడాలి కదా! 1977లో స్టార్ వార్స్ కురిపించిన డబ్బు చూశాకే పారమౌంట్ వాళ్ళకు కళ్ళు తెరుచుకున్నాయి. టీవీ కోసం వండుతున్న కొత్త స్టార్ ట్రెక్‌ను పక్కన పడేసి 1979లో దాన్ని సినిమాగా దించారు. అంటే ట్రెక్ సినిమాలకు ఊపిరి పోసింది వార్సే. 1982లో వచ్చిన రెండో ట్రెక్ సినిమా చూడండి, భక్తులంతా నెత్తిన పెట్టుకునేది. అందులో ఓడల గ్రాఫిక్కులు చేసింది సాక్షాత్తూ లూకాస్ స్థాపించిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్. మోడుబారిన గ్రహం కళ్ళముందే పచ్చబడే కంప్యూటర్ దృశ్యం లూకాస్ ఫిల్మ్‌లో ఉన్న బృందానిదే. ఆ బృందమే తర్వాత పిక్సార్ అయింది. వీధిలో శైవులూ వైష్ణవులూ తలలు పగలగొట్టుకుంటున్నారు. రెండు గుళ్ళ విగ్రహాలూ ఒకే స్థపతి పెరట్లో చెక్కించినవి.

విగ్రహాలే కాదు, పూజారి కూడా ఒకడే. జె.జె. అబ్రమ్స్. 2009లోనూ 2013లోనూ స్టార్ ట్రెక్ తీశాడు, 2015లోనూ 2019లోనూ స్టార్ వార్స్ తీశాడు. చిన్నప్పటినుంచీ తనకు వార్సంటేనే ప్రాణమనీ, ట్రెక్ అంతగా ఒంటబట్టలేదనీ ఆయనే బాహాటంగా చెప్పుకున్నాడు. శివాలయంలో అభిషేకం చేస్తూ నామం పెట్టుకుని కూర్చున్నాడన్నమాట. 1982 సినిమాలో గాజుతలుపు వెనక స్పాక్ చనిపోతుంటే బయట ఓడ కెప్టెన్ కిర్క్ విలవిల్లాడిన దృశ్యం ట్రెక్ భక్తుల కన్నీళ్ళకు ఊట లాంటిది. 2013లో ఈయన అదే గాజుతలుపు తెచ్చాడు. లోపలివాణ్ణి బయట, బయటివాణ్ణి లోపల పెట్టాడు. చచ్చినవాణ్ణి కాసేపట్లోనే విలన్ నెత్తురెక్కించి లేపాడు. 2015లో అటు గుళ్ళో 1977 నాటి కూరకే మళ్ళీ పోపు పెట్టాడు. ఇసుకగ్రహం మీద దిక్కులేని బిడ్డ, రహస్యం మోసే రోబో, చివర్లో పేల్చడానికి ఒక గోళం.

ఆ గోళం సంగతి వేరే చెప్పుకోవాలి. 1977లో గ్రహాలను పేల్చే గోళం ఒకటి కట్టారు, మనవాళ్ళు దాన్ని పేల్చారు. 1983లో మరొకటి కడుతుండగానే పేల్చారు. 2015లో ఏకంగా ఒక గ్రహాన్నే ఆ యంత్రంగా మార్చారు, అదీ పేలింది. 2019కి ఒక్కొక్కటీ ఒక్కో గ్రహాన్ని పేల్చగల ఓడలతో దండు కట్టారు. గెలాక్సీ అంత సామ్రాజ్యంలో ఇంజనీర్లందరికీ కలిపి ఉన్న ఆలోచన ఒక్కటే. సినిమా తీసినవాళ్ళకూ అంతే.

ఇక శాస్త్రం. ట్రెక్ సినిమాల్లో సరిసంఖ్యవి మంచివి, బేసిసంఖ్యవి దుర్ముహూర్తాలు. రెండోది అద్భుతం, నాలుగోది ఆనందం, ఆరోది గంభీరం. అయిదో దానిలో కథానాయకుడు కిర్క్‌గా వేసే విలియమ్ షాట్నరే మెగాఫోన్ పట్టి గెలాక్సీ నడిబొడ్డుకు దేవుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాడు. తీరా చూస్తే ఆ దేవుడు వీళ్ళ ఓడ అడిగాడు. దేవుడికి ఓడెందుకని కిర్క్‌కు అనుమానం వచ్చింది. (ఈ అనుమానం స్క్రిప్టు దశలో వచ్చి ఉంటే పారమౌంట్‌కు డబ్బు మిగిలేది.) ఈ సరి-బేసి పంచాంగం 2002 దాకా చక్కగా నడిచింది. ఆ ఏడు పదోది వచ్చింది. సరిసంఖ్య, అయినా చెత్త. శాస్త్రం కుప్పకూలాలి కదా? ఎందుకు కూలుతుంది! మనవాళ్ళకు లెక్క కుదరకపోతే ఏం చేస్తారు? అధికమాసం కలుపుతారు. వాళ్ళూ అదే చేశారు. 1999లో స్టార్ ట్రెక్‌నూ దాని అభిమానులనూ ఆటపట్టిస్తూ వచ్చిన 'గెలాక్సీ క్వెస్ట్' అనే పేరడీని తెచ్చి వరుసలో కలిపేశారు. దాంతో 2002 నాటిది పదకొండోది అయింది, బేసి. 2009 నాటిది పన్నెండు, సరి. పంచాంగం మళ్ళీ నిలబడింది. 2013లో లాస్ వెగాస్ సమ్మేళనంలో భక్తులే కూర్చుని మంచిచెడ్డల వరుస తేలిస్తే ఆ పేరడీ ఏడో స్థానంలో నిలిచింది, ఆ ఏడాదే వచ్చిన అసలు సినిమా అట్టడుగున పడింది. వెక్కిరించినవాడు సొంత కొడుకులకన్నా ముందు పంక్తిలో కూర్చున్నాడు.

స్టార్ వార్స్ వాళ్ళకు ఇంత గణితం రాదు. వాళ్ళది వయోవిజ్ఞానం. మీ సినిమాలు ఏ ఏడు నుంచి పాడయ్యాయని వాళ్ళను అడిగిచూడండి. వాళ్ళు చెప్పే సంవత్సరంలోంచి పన్నెండో పదమూడో తీసేస్తే వాళ్ళు పుట్టిన ఏడు దొరుకుతుంది. 1977లో చూసినవాడికి 1983 నాటి బొచ్చు ఎలుగుబంట్లతో పతనం మొదలు. ఆ ఎలుగుబంట్ల బొమ్మలు కౌగిలించుకుని నిద్రపోయినవాడికి 1999తో మొదలు. ఆ 1999 సినిమా వాణిజ్య మార్గాల మీద పన్నుల తగాదాతో తెరుచుకుంది. జీఎస్టీ కౌన్సిల్ సమావేశాన్ని అంతరిక్షానికి ఎక్కించినట్టు. తపస్సుతో రావలసిన మహిమకు అందులో నెత్తురు పరీక్ష చేసి అంకె చెప్పారు. ఇక మిగిలింది డయాగ్నస్టిక్ సెంటర్ వాడి ముద్రే. అప్పట్లో దాన్ని చీల్చి చెండాడారు. మరి ఇవాళ? ఆ ఏడు పదేళ్ళవాళ్ళు ఇప్పుడు నలభైకి దగ్గరపడి, "అసలు కళాఖండమంటే అదండీ, ఆ తర్వాతవే చెత్త" అంటున్నారు. నలభై ఏళ్ళనాటి మాగాయ కూడా ఇంత త్వరగా రుచి మార్చుకోదు.

సృష్టికర్తకే తన సృష్టి మీద నిలకడ లేదు, భక్తులనేం అంటాం. 1977 సినిమాలో హాన్ సోలో అనే పాత్ర హోటల్లో ఎదుట కూర్చున్నవాణ్ణి చడీచప్పుడు లేకుండా కాల్చాడు. 1997లో లూకాస్ దాన్ని దిద్ది, అవతలివాడే ముందు కాల్చాడన్నాడు. 2004లో ఇద్దరూ దాదాపు ఒకేసారి కాల్చారు. 2019లో అవతలివాడు కాల్చబోతూ "మక్లంకీ" అన్నాడు. ఒకే హత్య, నాలుగు ఎఫ్‌ఐఆర్‌లు. ఏ ఎస్సై అయినా ఈపాటికి సస్పెండయ్యేవాడు.

కానీ అసలు ప్రపంచ రికార్డు వీళ్ళెవరిదీ కాదు, టర్మినేటర్‌ది. 1984, 1991 సినిమాలు జేమ్స్ కామెరాన్‌వి, వాటికి దండం పెట్టాలి. 2003లో మూడోది వచ్చింది. 2009లో నాలుగోది. 2015లో అయిదోది వస్తే కామెరాన్ ముందుకొచ్చి, నా లెక్కలో మూడోది ఇదేనని దీవించాడు. 2019లో ఆరోదానికి తనే నిర్మాతగా కూర్చుని, రెండో దాని తర్వాతివన్నీ మరచిపొమ్మని చెప్పి, మూడోదంటే ఇదే అన్నాడు. మూడుముళ్ళలో మూడో ముడినే మూడుసార్లు వేసిన పెళ్ళికొడుకును నేనింతవరకు చూడలేదు. పైగా నాలుగు, అయిదు, ఆరు, ఈ మూడు సినిమాలూ కొత్త త్రయానికి మొదటి భాగాలుగా తలపెట్టినవే. మొదటి భాగాలే తప్ప రెండో భాగానికి నోచుకోలేదు. అయినా ప్రతిసారీ టికెట్టు కొన్నది ఎవరు? "మూడోదాని తర్వాత నేను చూడటం మానేశానండీ" అని చెప్పేవాడే. ఆరోదానిలో ఏ నిమిషంలో ఏ తప్పుందో వాడికి కంఠతా వచ్చు. చూడటం మానేసినవాడికి అదెలా తెలిసిందో!

మా అమ్మమ్మ ఉంటే దీనికి తద్దినం కొని తెచ్చుకోవడం అనేది. ఇది అచ్చంగా తద్దినమే. పోయినవాళ్ళను పోయినట్టు ఉండనివ్వరు. 1982లో పోయిన స్పాక్ 1984లో లేచాడు. ఏలియన్ సినిమాల్లో 1992లో కొలిమిలోకి దూకిన రిప్లీ 1997లో క్లోనై దిగింది. మరో సినిమా వరుసలో 2003లో చచ్చిన ట్రినిటీ 2021లో కాఫీ హోటల్లో కూర్చుంది. 1983లో గోతిలోకి విసిరేసిన పాల్పటీన్ సంగతి మా మేనల్లుడి భార్య చెప్పనే చెప్పింది. కంపెనీ వాళ్ళు కర్తలు, అభిమానులు భోక్తలు. వీళ్ళు విస్తరి ముందు కూర్చుని, గారెల్లో ఉప్పు లేదనీ, పోయినసారి పెసరట్టులా ఉన్నాయనీ, పక్కింటి తద్దినంలో గారెలు ఇంతకన్నా ఘోరమనీ తిడుతూ తింటారు. తిని, మారు వడ్డించుకుంటారు. దక్షిణ మాత్రం ఇక్కడ భోక్తే ఇచ్చుకోవాలి.

తిట్లు కంపెనీకి తగిలితే సంతోషమే. తగలవు. 1999 స్టార్ వార్స్‌లో జార్ జార్ బింక్స్ పాత్ర కట్టిన అహ్మద్ బెస్ట్‌కు తగిలాయి. ఆ రోజుల్లో చచ్చిపోదామనుకున్నానని ఆయన చాలా ఏళ్ళకు చెప్పాడు. 2017 స్టార్ వార్స్ సినిమాలో నటించిన కెల్లీ మేరీ ట్రాన్‌కు తగిలాయి. మరుసటి ఏడాది ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినవన్నీ తీసేసుకుంది. కథ రాసినది ఆమె కాదు, డబ్బు లెక్కపెట్టుకున్నదీ ఆమె కాదు. గెలాక్సీని ధర్మం వైపు నడిపిస్తామని ప్లాస్టిక్ కత్తులు తిప్పే వీరులు ఒంటరి ఆడపిల్ల మీద పడ్డారు. ఆ కథలో వీళ్ళ చొక్కా రంగు ఏదో వీళ్ళింకా చూసుకున్నట్టు లేదు.

చివరికి ఏలియన్, ప్రిడేటర్. ఇక్కడ అభిమానులకు శ్రమ లేకుండా సరుకే కొట్టుకుంది. 1990లో ప్రిడేటర్ ఓడలో ఏలియన్ పుర్రె ఒకటి కనిపించిన దగ్గర్నుంచి పద్నాలుగేళ్ళు కాచుకుని కూర్చుంటే 2004లో బరిలోకి దింపారు. చూసి ఉసూరుమన్నారు. 2007లో మళ్ళీ దింపారు. ఈసారి తెరంతా ఎంత చీకటంటే ఎవరు ఎవర్ని పొడుస్తున్నారో తెలియలేదు. (2022లో 'ప్రే' అని ఒకటి నిజంగానే బాగా వచ్చింది. దాని గురించి మాట్లాడరు, వాదనకు పనికిరాదు కనుక.) పల్నాటిలో కోడిపందెం యుద్ధానికి దారితీసిందంటే, కనీసం నాయకురాలి కోడి నాయకురాలిది, బ్రహ్మనాయుడి కోడి బ్రహ్మనాయుడిది. ఇక్కడ రెండు కోళ్ళూ ఫాక్స్ వాళ్ళవే. 2012లో డిస్నీ నాలుగు వందల కోట్ల డాలర్ల పైచిలుకు పోసి లూకాస్ ఫిల్మ్ కొంది. 2019లో ఫాక్స్ స్టూడియోనూ కొనేసింది. ఏలియన్, ప్రిడేటర్, స్టార్ వార్స్ అన్నీ ఇప్పుడు ఒకే గంప కింద. ఏ కోడి గెలిచినా ఓడినా, కోసిన కోడి కూర ఆ ఇంట్లోనే.

ఇదంతా ఆ రాత్రి మజ్జిగన్నం దగ్గరే వాళ్ళిద్దరికీ చెప్పాను. శ్రద్ధగా విన్నారు. మేనల్లుడు కాసేపు ఆలోచించి, "అయితే మామయ్యా, అబ్రమ్స్ మావాటిని ఎక్కువ పాడుచేశాడా, దానివా?" అన్నాడు.

లేచి వెళ్ళి పడుకున్నాను. అర్ధరాత్రి మంచినీళ్ళకు లేస్తే హాల్లో టీవీ వెలుతురు. ఒకే దుప్పటి కింద ఇద్దరూ, ఒళ్ళో నేను ఊరినుంచి తెచ్చిన జంతికల డబ్బా. తెరమీద 2019 సినిమా. చేతిలో రిమోటు పట్టుకుని ఆపుతూ తప్పులు లెక్కపెడుతున్నారు. "నలభై మూడు," అంది ఆ పిల్ల. వాడు నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. "రా మామయ్యా, ముసలాడు లేచేది చూద్దువుగాని."

కూర్చున్నాను. డబ్బాలో జంతికలు రెండే మిగిలాయి.